స్మార్ట్ ప్లగ్, సీరియల్ లైట్లు: కొన్ని పండగ సీజన్లు వాడాక

పండగ రోజుల్లో లైట్ల స్విచ్ ఎవరు వేయాలి, రాత్రి ఎవరు లేచి ఆర్పాలి అనే పేచీకి, ఫోన్ యాప్‌లో పెట్టిన వేళలకు కరెంటు ఇచ్చి తీసే స్మార్ట్ ప్లగ్ మంచి మందు. పొద్దుగూకగానే లైట్లు వెలుగుతాయి, అందరూ పడుకునే వేళకు ఆరిపోతాయి. వరసగా కొన్ని సీజన్లు వాడాక తేలిందేమిటంటే, ప్లగ్‌తో వచ్చే ఇబ్బందులు తక్కువ, తంటా అంతా దానికి తగిలించే లైట్లతోనే. ఏ ప్లగ్ కొనాలా అని గంటలకొద్దీ వెతికేవాళ్లు కూడా సీరియల్ సెట్టు తీగకు ఉన్న చిన్న కంట్రోలర్ డబ్బాను తిప్పి చూడరు. ముందు చూడాల్సింది దాన్నే.

మామూలు సెట్లలో 8 రకాల వెలుగులుంటాయి. సాధారణంగా మొదటిది అన్నీ కలగలిసి మారుతూ ఉండేది, చివరిది నిలకడగా వెలిగేది. డబ్బా మీది బటన్ నొక్కుతూ పోతే ఒక్కొక్కటే మారుతుంది. స్మార్ట్ ప్లగ్ చేసేదల్లా కరెంటు ఇవ్వడం, తీయడం. కంట్రోలర్‌కు మెమరీ లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ అది మొదటి రకంతోనే మొదలుపెడుతుంది. నిలకడ వెలుగు కావాలంటే రోజూ సాయంత్రం వెళ్లి 7 సార్లు నొక్కాలి. ఇక ప్లగ్ పెట్టుకుని లాభమేమిటి?

పెట్టె మీద మెమరీ ఉందని రాసినా, తెచ్చిన రోజే పరీక్షించండి. నిలకడ వెలుగులో పెట్టి, ప్లగ్ పీకి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. వెంటనే పెడితే ఆ పరీక్ష చెల్లదు. కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్‌లో మిగిలిన కాస్త ఛార్జితో చిప్ ఇంకా మేలుకునే ఉంటుంది, అన్నీ గుర్తున్నట్టే కనిపిస్తుంది. అసలు రంగు మర్నాడు సాయంత్రం బయటపడుతుంది.

సెట్టులోనే టైమర్ ఉంటే అది ఇంకో చిక్కు. ఎక్కువగా కనిపించేది 6 గంటలు వెలిగి 18 గంటలు ఆరి ఉండే పద్ధతి. బటన్ నొక్కిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. దానికి స్మార్ట్ ప్లగ్ తోడైతే రెండు గడియారాలు రెండు వైపులా లాగుతాయి. ప్లగ్ ఆన్‌లో ఉన్నా లైట్లు ఆరిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. సెట్టులోని టైమర్ తీసేసి, వేళలన్నీ ప్లగ్‌కే అప్పగించాలి. బ్యాటరీ సెట్లకు మాత్రం ఆ టైమరే దిక్కు.

ఇక ప్లగ్ సంగతి. చాలా ప్లగ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టినప్పుడు ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి, జత చేసే పని సగంలో ఆగిపోవచ్చు. కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపేసి జత చేసి, తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు. రౌటర్ భద్రత డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతికి మాత్రమే పరిమితమై ఉంటే పాత ప్లగ్‌లు ఎక్కవు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే ఎంపిక పెట్టాలి. రౌటర్ మార్చాల్సి వస్తే కొత్తదానికీ పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి. ఇంట్లోని ప్లగ్‌లన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. లేదంటే పండగ ముందు రోజు ఒక్కో ప్లగ్ దగ్గర కూర్చుని బటన్ 5 సెకన్లు నొక్కి పట్టుకునే పని పడుతుంది.

మ్యాటర్ గుర్తు ఉన్న ప్లగ్ దొరికితే అదే తీసుకోండి. 2022లో వచ్చిన ఈ ప్రమాణం వల్ల వేర్వేరు కంపెనీల యాప్‌లలో ఒకే ప్లగ్ నడుస్తుంది, ఇంట్లోని నెట్‌వర్క్ మీదే ఆదేశాలు వెళ్తాయి. దాని మీద ఉండే, జత చేయడానికి అవసరమయ్యే క్యూఆర్ కోడ్, 11 అంకెల సంఖ్య ఫొటో తీసి దాచుకోండి. ప్లగ్ సాకెట్‌లో ఉండగా ఆ అంకెలు గోడవైపు ఉండిపోతాయి, కావాల్సినప్పుడు కనబడవు.

కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్నది సెట్టింగుల్లో ఉంటుంది: ఆన్, ఆఫ్, లేదా పోయేముందు ఉన్న స్థితి. లైట్లకు మూడోదే సరి. ఆన్ అని పెడితే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు ఇల్లంతా వెలుగుతుంది. ఇంకో మెలిక, ప్లగ్‌లో వేళల పట్టిక భద్రంగా ఉన్నా గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక టైమ్ ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి. రౌటర్ లేచేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. సరిగ్గా ఆ వ్యవధిలో ఆన్ కావాల్సిన వేళ దాటిపోతే ఆ సాయంత్రం లైట్లు వెలగవు. దీనికి సులువైన విరుగుడు, 20 నిమిషాల తేడాతో ఆన్ ఆదేశం రెండుసార్లు పెట్టుకోవడం. వెలిగి ఉన్నదానికి మళ్లీ ఆన్ చెబితే నష్టమేమీ లేదు.

సూర్యాస్తమయాన్ని బట్టి వెలిగే ఏర్పాటు బాగా పనిచేస్తుంది, యాప్‌లో ఊరు, టైమ్‌జోన్ సరిగ్గా ఉంటే. అస్తమయం అయిన 15 నిమిషాలకు పెట్టుకుంటే చీకటి కమ్మే వేళకు కుదురుతుంది. మధ్యాహ్నం లైట్లు వెలిగాయంటే ముందు ఆ ఊరి పేరు చూడండి.

లోడు విషయంలో జనం భయపడాల్సినచోట భయపడరు. 100 బల్బుల ఎల్ఈడీ సెట్టు 10 వాట్లు తీసుకోవడమే ఎక్కువ, 10 ఆంపియర్ల ప్లగ్‌కు అదొక లెక్క కాదు. అసలు దెబ్బ వేరేచోట తగులుతుంది. ఒక ప్లగ్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి, దాని మీద ఆరేడు అడాప్టర్లు పెడితే వాట్లు తక్కువే. కానీ స్విచ్ పడిన క్షణంలో అన్ని అడాప్టర్ల కెపాసిటర్లూ ఒక్కసారే ఛార్జి అవుతాయి. ఆ ఉరవడికి ప్లగ్‌లో కరెంటును కలిపి విడదీసే స్విచ్ అయిన రిలే లోపలి కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేచి, కొన్నాళ్లకు అవి అతుక్కుపోవచ్చు. యాప్‌లో ఆఫ్ అని ఉంటుంది, చెవి పెట్టి వింటే టక్‌మన్న చప్పుడూ వినిపించవచ్చు, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. చిన్నగా తడితే విడిపోవచ్చు గానీ మళ్లీ అతుక్కుంటుంది. అలాంటి ప్లగ్ తీసేయాల్సిందే. ఒక్కో ప్లగ్‌కు రెండు మూడు అడాప్టర్లు మించకుండా పంచుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ఇదే ప్లగ్‌ను ఎవరో ఒకరు పీకి హీటర్‌కో ఓవెన్‌కో పెట్టకుండా చూసుకోవడం మరో పని. ప్లగ్ మీదే లైట్లకు మాత్రమే అని రాసి అతికిస్తే చాలు.

బయట వేలాడే సెట్లలో ఒక మోసం ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఐపీ65 అని, అంటే దుమ్ము, నీటి నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె, ఉంటుంది. అది లైట్ల తీగ సంగతి. అడాప్టర్ మీది సన్నని అక్షరాలు చూస్తే ఐపీ20 అని ఉండొచ్చు. అంటే నీటి నుంచి రక్షణ ఏమీ లేనట్టే. అలాంటి అడాప్టర్, మామూలు స్మార్ట్ ప్లగ్ రెండూ ఇంటి లోపలే ఉండాలి. ఐపీ44 అంటే అన్ని వైపుల నుంచీ పడే తుంపరలకు ఆగుతుంది, నీళ్లలో మునిగితే ఆగదు. సాకెట్‌లోకి వెళ్లే ముందు తీగ కాస్త కిందికి జారి మళ్లీ పైకెక్కేలా వదిలితే, దాని వెంట వచ్చిన నీటిచుక్కలు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

చెడిపోయే తీరు చూసి కారణం చెప్పొచ్చు. వరసగా కొంత భాగం ఆరిపోయిందంటే ఆ భాగంలోని బల్బులు సిరీస్‌లో, అంటే ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు వెళ్లేలా, ఉన్నాయని, ఒకదాని కాలు తుప్పుపట్టిందో తెగిందో అని అర్థం. బల్బులు ఊడివచ్చే రకమైతే ప్లగ్ తీసేసి, ఒక్కొక్కటీ పీకి, కాళ్లు శుభ్రం చేసి పెట్టాలి. సన్నటి రాగి తీగ లైట్లలో ఒకటి విడిచి ఒకటి వెలగకపోతే బల్బులను అనుమానించనక్కర్లేదు. రెండు తీగల సెట్లలో సగం ఎల్ఈడీలు ఒక దిశలో, మిగతా సగం తిరగేసి ఉంటాయి. కంట్రోలర్ కరెంటు దిశను మారుస్తూ రెండు జట్లనూ వెలిగిస్తుంది. ఒక జట్టు మొత్తం ఆరిందంటే కంట్రోలర్‌లో సగం పోయినట్టు. అంతే వోల్టేజీ ఉన్న కొత్త కంట్రోలర్ తగిలిస్తే సెట్టు బతుకుతుంది.

యాప్‌తో రంగులు మార్చే సెట్ల తీరే వేరు. అందులో ప్రతి ఎల్ఈడీకీ సొంత చిప్ ఉంటుంది, ఆదేశం ఒకదాన్నుంచి ఇంకోదానికి అందుతూ పోతుంది. వీటిలో మామూలు రకమైతే మధ్యలో ఒకటి చస్తే దాని తర్వాతవన్నీ చీకటే. 5 వోల్టుల రకంలో పూర్తి తెలుపు వేస్తే ఒక్కో ఎల్ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఉంటే 6 ఆంపియర్లు, 30 వాట్లు. సన్నటి తీగలో వోల్టేజీ పడిపోయి చివరి బల్బులు తెలుపు బదులు పసుపు, ఆపైన ఎరుపు చూపిస్తాయి. నీలం వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే ముందు నీలం తగ్గిపోతుంది. వెలుగు 40 శాతానికి దించితే తేడా పోతుంది, కంటికీ హాయి. ఈ సెట్లకు స్మార్ట్ ప్లగ్ పెట్టకండి. ప్లగ్ కరెంటు తీసేసినప్పుడల్లా యాప్‌కు లైట్లు దొరకవు. బ్లూటూత్ మాత్రమే ఉన్నవైతే మరీ చికాకు, ఒకరి ఫోన్ కలిసి ఉండగా ఇంకొకరికి కుదరదు. పిల్లలకు సరదాయే గానీ, కుటుంబమంతా వాడే ఇంట్లో మెమరీ ఉన్న సాదా సెట్టు, ఒక ప్లగ్ ఉంటే పని నడుస్తుంది. నా ఓటు దానికే.

అందరూ వాడాలంటే పాస్‌వర్డ్ పంచకుండా యాప్‌లో కుటుంబ సభ్యులుగా చేర్చండి. ప్లగ్‌కు ‘బాల్కనీ తోరణం’ లాంటి విడి పేరు పెడితే నోటితో చెప్పినప్పుడు గదిలోని దీపం ఆరిపోదు. ఫోన్ పట్టని పెద్దవాళ్ల కోసం ప్లగ్ పక్కనున్న బటన్ చేతికందేలా ఉండాలి. అల్మారా వెనక పెట్టేస్తే వాళ్లకు అది లేనట్టే.

రిమోట్ ఉన్న సెట్లలో గుండీ బ్యాటరీ ఉంటుంది, మూతకు స్క్రూ లేని రిమోట్ పిల్లలున్న ఇంట్లో వద్దు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సీజన్ అయ్యాక బ్యాటరీలు తీసేసి, తీగను అట్టముక్కకు చుట్టి, కంట్రోలర్ వైపు పైకి ఉండేలా కట్టండి. మళ్లీ వచ్చినప్పుడు విప్పకముందే వెలిగించి చూసుకోవచ్చు. ప్లగ్‌ను కూడా సాకెట్ నుంచి తీసేయండి. 8 వాట్ల సెట్టు రోజుకు 6 గంటలు, 30 రోజులు వెలిగితే అయ్యేది 1.44 యూనిట్లు. ఒక వాటు తీసుకునే ప్లగ్ ఊరికే ఏడాది పొడుగునా గోడకు ఉంటే 8.76 యూనిట్లు తింటుంది.