చిర్క్ కోట: మాంచెస్టర్ వెళ్ళే విశాఖ తల్లిదండ్రుల కోసం

మాంచెస్టర్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే మన వైజాగ్ పెద్దవాళ్ళ ప్రోగ్రాం దాదాపు ఒకేలా ఉంటుంది: నాలుగు రోజులు లండన్, మిగతాదంతా షాపింగ్. ఎంవీపీ కాలనీలో ఈ వేసవికి బయల్దేరుతున్న ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఒక రోజు మిగుల్చుకుని వేల్స్ సరిహద్దులో ఉన్న చిర్క్ కోట చూసి రండి. నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషిని. పాత కట్టడం కనిపిస్తే ముందు గోడ మందం చూస్తాను, ఆ తర్వాతే అందం. ఈ కోటలో ఆ రెండూ తృప్తిగా దొరికాయి.

వేల్స్‌ను గెలిచిన ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్, ఆ ప్రాంతం మళ్ళీ తిరగబడకుండా వరసగా కోటలు కట్టించాడు, తన వాళ్ళ చేత కూడా కట్టించాడు. చిర్క్‌ను రోజర్ మార్టిమర్ అనే ప్రభువు 1295 ప్రాంతంలో మొదలుపెట్టాడు. 1310 నాటికి కట్టడం ముగించారు. నాలుగు పలకల ప్రాకారం, మూలల్లో గుండ్రటి బురుజులు, మధ్యలో పెద్ద ఆవరణ. ఎడ్వర్డ్ కాలంలో వేల్స్‌లో లేచిన కోటల్లో మన కాలం వరకూ మనుషులు కాపురం ఉంటూ వచ్చినది ఇదొక్కటే అంటారు. మిగతావాటిలో చాలా వరకు కప్పులు పోయి మొండి గోడలుగా మిగిలాయి. నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే. యుద్ధం కోసం కట్టినదాన్ని ఏడు వందల ఏళ్ళలో ఒక్కో తరం ఎలా ఇల్లు చేసుకుందో ఇక్కడ గోడల మీదే చదవొచ్చు.

ఎక్కువసేపు ఉండాల్సింది ఆడమ్ బురుజులో. పాత కోట చెక్కుచెదరకుండా మిగిలినది ఇక్కడే. గోడ మందం దాదాపు 16 అడుగులు. బాణాలు వేసే సందులు బయటినుంచి చూస్తే అరచెయ్యి దూరేంత, లోపలి వైపు మనిషి విల్లు పట్టుకుని నిలబడేంత. ఇటూ అటూ ఏటవాలుగా తీసిన ఆ రాయి చెక్కుడు చూడండి: బయటివాడి బాణం లోపలికి రావడం కష్టం, లోపలివాడి చూపు మాత్రం పక్కలకు కూడా పోతుంది. అదే కోటకు తర్వాతి కాలం వాళ్ళు పెట్టించిన పెద్ద పెద్ద కిటికీలు కూడా ఉన్నాయి. శత్రువు భయం తగ్గాక వెలుతురు కావాల్సి వచ్చింది. అంత మందం గోడను తొలిచి కిటికీ పెట్టాలంటే పైన బరువు ఎక్కడికి పోతుందో ముందే లెక్క చూసుకోవాలి. ఆ మేస్త్రులు ఎంత జాగ్రత్తగా చేశారో అని అక్కడే నిలబడిపోయాను.

మా వియ్యపురాలు కూడా వచ్చారు. బందీఖానాలోకి దిగే మెట్ల దగ్గర ఆగి, "వదినగారూ, ఇంత మందం గోడల మధ్య ఉక్కపోసేది కాదా?" అని అడిగారు. విశాఖ మనిషికి రావాల్సిన ప్రశ్నే. "ఉక్క కాదు వదినగారూ, చలే వీళ్ళ బాధ. ప్రతి గదిలో ఆ పొయ్యి చూడండి" అన్నాను. జూన్ నెలలో కూడా లోపల శాలువా తియ్యబుద్ధి కాలేదు.

ఇల్లుగా మారిన కథ 1595లో మొదలవుతుంది. సర్ థామస్ మిడిల్టన్ అనే లండన్ వర్తకుడు 5,000 పౌండ్లకు కోట కొన్నాడు. తర్వాత లండన్ మేయరయ్యాడు. 1600లో ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు డబ్బు పెట్టినవాళ్ళలో ఈయన ఒకడు. ఆ పేరు వినగానే నాకు మన వన్ టౌన్, అంటే విశాఖ పాత ఊరు, గుర్తొచ్చింది. ఆ కంపెనీవాళ్ళే 1682లో విశాఖలో ఫ్యాక్టరీ, అంటే వర్తకం గిడ్డంగి, పెట్టారు. మన రేవుకు వచ్చిన కంపెనీ మొదటి పెట్టుబడిదారుల్లో ఒకడి ఇంట్లో నిలబడ్డానని తెలిశాక ప్రతి గదినీ ఇంకాస్త పట్టి చూశాను.

ఆయన కొడుకు పేరు కూడా థామసే. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు పార్లమెంటు వైపు నిలిచాడు. 1643లో రాజు మనుషులు కోటను పట్టుకున్నారు. సొంత ఇంటినే ముట్టడి వేయాల్సి వచ్చింది ఆయనకు. 1659 నాటికి మనసు మారి రాజు పక్షం చేరాడు. ఈసారి పార్లమెంటు సైన్యం వచ్చి కోట లొంగదీసుకుని తూర్పు వైపు గోడా బురుజులూ పడగొట్టింది. తిరిగి కట్టినప్పుడు ఆ తూర్పు వైపే 1670లలో లాంగ్ గ్యాలరీ అనే పొడవాటి హాలు లేచింది: 100 అడుగుల పొడవు, చెక్క పలకల గోడలు, కిటికీల నిండా వెలుతురు. దెబ్బతిన్న వైపే కోటలో అన్నిటికంటే హాయిగా తిరగగలిగిన చోటయింది. ఆడమ్ బురుజు నుంచి నేరుగా ఇక్కడికి వస్తే తేడా ఒంటికి తెలుస్తుంది.

1770ల నాటి పెద్ద మెట్లూ, నీలం కప్పు ఉన్న సెలూన్ గదీ (అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద హాలు) ఫొటోలకు బాగుంటాయి. లండన్ పార్లమెంటు భవనం లోపలి అలంకరణ చేసిన ప్యూజిన్ 1840లలో ఇక్కడ కొన్ని గదులు మార్చాడు. పనితనం గొప్పదే కానీ నాకు ఆ గదులు బరువుగా, చీకటిగా అనిపించాయి. గేటు మాత్రం వదలొద్దు. 1712లో మొదలై డేవిస్ అన్నదమ్ములు చేసిన ఇనుప పని అది. ఆకులూ తీగలూ కొలిమిలో కొట్టి తీసినవి. మన కమ్మరి పని తెలిసినవాళ్ళు పది నిమిషాలు అక్కడే ఉంటారు.

మన దగ్గర దీనికి దగ్గరగా తోచేది విజయనగరం కోట. 1713లో కట్టారు, చిర్క్ కంటే నాలుగు వందల ఏళ్ళు చిన్నది. లోపల ఇప్పుడు కాలేజీలున్నాయి. కోట నిలబడాలంటే లోపల మనుషులు తిరుగుతూ ఉండాలని నా నమ్మకం. కప్పు కారితే అదే రోజు చూసేవాళ్ళు ఉంటారు, సున్నం రాలితే పూసేవాళ్ళు ఉంటారు. మన పాత ఊళ్ళో గానుగ సున్నంతో కట్టిన బంగళాలు తాళాలు వేసి ఉండగానే కూలిపోతున్నాయి. చిర్క్ చూశాక ఆ బాధ ఎక్కువైంది.

వెళ్ళేవాళ్ళకు: మాంచెస్టర్ నుంచి కారులో గంటన్నర. చిర్క్ ఊళ్ళో రైల్వే స్టేషన్ ఉంది, అక్కడినుంచి కోటకు ఎక్కుడు దారి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టాక్సీ మాట్లాడుకోండి. 1981 నుంచి ఈ కోటను నేషనల్ ట్రస్ట్, అంటే పాత కట్టడాలను కాపాడే అక్కడి సంస్థ, చూసుకుంటోంది. గదుల్లో ఉండే వాలంటీర్లు అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పారు. బురుజు మెట్లు ఇరుకు, నిటారు, కాబట్టి పొద్దున్నే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు అదే ముందు చూసి, తర్వాత గ్యాలరీ, చివరికి తోట పెట్టుకోండి. సాయంత్రం మిగిలితే దగ్గర్లోనే పాంట్‌కసల్తె వంతెన ఉంది. 1805లో లోయకు అడ్డంగా 18 రాతి స్తంభాల మీద ఇనుప తొట్టి పెట్టి కాలువ పారించారు. పడవలో వెళ్ళేటప్పుడు ఒక వైపు రెయిలింగ్ ఉండదు, చిన్నపిల్లలుంటే చెయ్యి పట్టుకోండి.