కడపలో పాత జపాన్ బండ్లకు ఒక మంచి మెకానిక్ షెడ్డు

కడప ఏడు రోడ్ల కూడలికి కొద్ది దూరంలో, ఒక సందులో ఉన్న ఈ షెడ్డుకు తీసుకెళ్లేసరికి నా రాజ్‌దూత్ 350 ఒక్క సిలిండర్ మీదే ఈడ్చుకుంటూ నడుస్తోంది. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా మన దేశంలో తయారైన ఈ బండిది 347 సీసీల టూ స్ట్రోక్ ఇంజిన్. పక్కపక్కనే ఉండే రెండు సిలిండర్లకూ కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం), పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయించే స్విచ్చులు) వేర్వేరు కనుక, ఒకే సిలిండరున్న ఆర్‌ఎక్స్ 100కు చేసినట్టు ఒక్కసారి సరిచేసి వదిలేస్తే కుదరదు. అంతకుముందు వేరొక చోట అలాగే చేసి ఇవ్వగా, ఎడమ పిస్టన్ గీతలు పడిపోయింది.

ఇక్కడి మేస్త్రీ స్పార్క్ ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలో డయల్ గేజ్ బిగించి, పిస్టన్ ఎంత పైకి వచ్చిందో కొలిచి, ఒక్కో సిలిండర్‌కు టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) విడిగా పెట్టారు. ఆపైన చిన్న అద్దం పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతూ, రెండు కార్బ్యురేటర్లలో గాలి దారిని తెరిచే స్లైడ్లు ఒకేసారి లేస్తున్నాయో లేదో చూశారు. చివరికి రెండు సైలెన్సర్ల వెనుక అరచేతులు పెట్టి పొగ తాకిడిని పోల్చుకున్నారు. ఆ ఓపిక నన్ను కట్టిపడేసింది. ఇంజిన్‌కు నూనె అందించే ఆయిల్ పంపు కేబుల్‌నూ వాటితోపాటే సరిచేశారు. మన ఎండల్లో నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది మరి.

సీడీ 100 వంటి ఫోర్ స్ట్రోక్ బండ్లకు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ట్యాపెట్లు పెడతారు (అంటే వాల్వుల దగ్గరి సందు సరిచేస్తారు) కాబట్టి, ముందురోజు సాయంత్రమే వదిలి రావడం మేలు. నా పనికి పన్నెండు రోజులు పట్టింది, బిల్లు కూడా రాసివ్వలేదు. అయితే మార్చిన ప్రతి పాత సామానునూ సంచిలో కట్టి, ఎందుకు మార్చారో చూపించి మరీ చేతికిచ్చారు.