కార్బరేటర్: కడగడమా, కొత్తది వేయడమా?

నెలల తరబడి మూలన పడున్న గడ్డి కోసే మెషిన్ తెచ్చి, "పోయినసారి బాగానే నడిచింది, ఇప్పుడు చోక్ వేస్తేనే నడుస్తోంది" అంటారు కస్టమర్లు. చాలావరకు ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలే కారణం. అది జిగురుగా మారి, ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బరేటర్‌లోని మెయిన్ జెట్‌కి (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం ఉన్న ముక్క) అడ్డం పడుతుంది.

నా ఓటు ముందు కడగడానికే. బౌల్ (కార్బరేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) విప్పి, జెట్ తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి చుక్క కనబడాలి. లేదంటే క్లీనర్ స్ప్రే, గాలి, సన్నటి రాగి తీగ. స్టీలు సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు తాగేస్తుంది, పొగా వస్తుంది. పాత బాడీయే కాబట్టి లింకేజీ (థ్రాటిల్‌ని కదిపే కడ్డీలు), గాస్కెట్ (అతుకుల మధ్య సీలు) సరిగ్గా కూర్చుంటాయి. కాకపోతే చాలా టైమ్ పడుతుంది.

కొత్తదైతే చకచకా అయిపోతుంది. కానీ చవకరకం డూప్లికేట్‌తో ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజన్ నడిచే స్పీడు) కుదరక మళ్లీ తిప్పలు. అయినా ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చి బౌల్ లోపల లోహాన్ని తినేసినా, థ్రాటిల్ షాఫ్ట్ (లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే రేకు తిరిగే కడ్డీ) అరిగి ఊగుతున్నా ఎంత కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే. చైన్ సా లాంటి టూ స్ట్రోక్ వాటిలో గట్టిపడేది డయాఫ్రమ్ (కార్బరేటర్‌లో కదిలే పల్చటి పొర). చాలాసార్లు ఆ పొర, గాస్కెట్లు ఉండే కిట్ మారిస్తే సరిపోతుంది.

విప్పకముందే రెండింటి ఖర్చూ చెప్పేయాలి, లేకపోతే బిల్లు దగ్గర గొడవే. బౌల్‌లో తెల్లటి పొక్కులు కళ్లారా చూపిస్తే, "సరే, మార్చేయండి" అని వాళ్లే అంటారు.