అనంతపురం ఎండల్ని మరచిపోయిన ఫోరెన్సిక్ ప్రశ్నల పుస్తకం

క్లాక్ టవర్ దగ్గర పుస్తకాల దుకాణాల్లో, ఎస్సై పరీక్ష గైడ్ల పక్కనే ఈ మధ్య ఒక కొత్త పుస్తకం కనిపిస్తోంది. అట్ట మీద భూతద్దం, దాని కింద ఎర్రటి వేలిముద్ర. ఫోరెన్సిక్ సైన్సులో, నేరస్థల పరిశోధనలో మీకెంత తెలుసో చూసుకోండి అని సవాలు. వెల 180 రూపాయలు. మా తమ్ముడి కూతురు పరీక్షకు చదువుతోందని కొన్నాను గానీ, ఆ అమ్మాయి చేతికి వెళ్లేలోపు నేనే చివరిదాకా చదివేశాను. ఫిల్ము రీళ్ల కాలంలో స్టేషన్ నుంచి కబురొస్తే కెమెరా భుజాన వేసుకుని పంచనామా ఫోటోలకు వెళ్లినవాణ్ణి. కాబట్టి నా చాదస్తాన్ని కొంచెం భరించాలి.

చరిత్ర భాగం బాగుంది. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో లొకార్డ్ పెట్టిన నేరపరిశోధన ప్రయోగశాల, 1984లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్‌ఏ ముద్రలు అందరూ అడిగేవే. కానీ 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరో గురించి అడిగి అక్కడితో ఆగలేదు. పోలీసు అధికారి హెన్రీ పేరుతో చలామణీ అయిన వేలిముద్రల వర్గీకరణ వెనుక శ్రమ ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లదని వివరణలో రాశారు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్‌ఏ ముద్రలపై లాల్జీ సింగ్ చేసిన కృషికీ చోటిచ్చారు. రక్తం అంటిన చీరను ఎలా పంపాలన్న ప్రశ్న కూడా నాకు నచ్చింది. నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది.

అసలు పేచీ మరణ సమయం అధ్యాయంతోనే. చనిపోయాక శరీరం గంటకు ఎంత చల్లబడుతుంది అని అడిగి, ఒకటిన్నర డిగ్రీల ఫారెన్‌హీట్ అని జవాబిచ్చి ఊరుకున్నారు. చుట్టూ గాలి శరీరం కంటే చల్లగా ఉన్నచోటే ఆ లెక్క. మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, మనిషి ఒంటి వేడేమో 37. రేకుల షెడ్డులో పడి ఉన్న శవం ఇక చల్లబడేదెక్కడ? ఇంకా వేడెక్కినా ఆశ్చర్యం లేదు. శవం బిగుసుకోవడానికి పన్నెండు గంటలు, అలాగే ఉండటానికి పన్నెండు, సడలడానికి మరో పన్నెండు అన్న సూత్రమూ అంతే. వేడికి బిగుసుకోవడం త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. నేరస్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీం వాళ్లకు ఇదంతా కొట్టినపిండి. రాసినవారు వాళ్లలో ఒకరినైనా అడిగి ఉండవలసింది.

కాలిముద్రల దగ్గరా అదే తీరు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలట. మన ఎర్రనేల దుమ్ములో నేరుగా పోస్తే ముద్ర అంచులు చెదురుతాయి. ముందు లక్క ద్రావణం వంటిది పలచగా చల్లి, గట్టిపడ్డాక పోయాలి. ఆ సంగతి ఎక్కడా లేదు.

ఇక ఫోటోలు! నేరస్థలాన్ని ముందు దూరం నుంచి, తర్వాత మధ్య దూరం నుంచి, చివరికి దగ్గరగా తీయాలని, ముద్ర పక్కన కొలబద్ద పెట్టాలని, కెమెరా సరిగ్గా ముద్రకు ఎదురుగా ఉండాలని ఒక పేజీలో చక్కగా చెప్పారు. నాలుగు పేజీలు తిప్పితే ఒక చెప్పు ముద్ర ఫోటో. కొలబద్ద లేదు, పక్కనుంచి ఏటవాలుగా తీశారు. దాన్ని చూసి మనిషి ఎత్తు అంచనా వేయమంటారు! రక్తపు చుక్కల బొమ్మలు నలుపు తెలుపుల్లో అచ్చయి సిరా మరకల్లా ఉన్నాయి. చుక్క ఏ కోణంలో పడిందో దాని పొడవు వెడల్పులు కొలిచి తేల్చాలి. ఇందులో చుక్క అంచే కనిపించదు.

పరీక్ష రాసేవారికి ఎక్కువ నష్టం చట్టాల అధ్యాయంతో. నిపుణుల అభిప్రాయానికి ఇంకా పాత సాక్ష్య చట్టం 45వ సెక్షనే జవాబు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 39. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలనే కొత్త నేర విచారణ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) సెక్షన్ ఊసే లేదు. అట్ట మీద మాత్రం 'సరికొత్త ముద్రణ' అని ఉంది.

వేలిముద్రలు, డీఎన్‌ఏ అధ్యాయాల కోసమైతే కొనవచ్చు. చట్టాలకు కొత్త ప్రతులు విడిగా తెచ్చుకోండి. జవాబుల్ని పేజీ అడుగున తలకిందులుగా అచ్చు వేశారు. దొంగచూపులు చూసేవారు కనీసం పుస్తకం తిప్పే శ్రమైనా పడాలి.