ప్రీస్కూలు గదికి స్టోరీవీవర్: పుస్తకం ఉచితమే, పనులు మాత్రం మనమే అల్లుకోవాలి

పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ సైటు 2015లో మొదలైంది. పిల్లల బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు, మార్చి రాసుకోవచ్చు. తెలుగులోనూ బోలెడు ఉన్నాయి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో గడిపే అంగన్‌వాడీ టీచర్లకు, చిన్న ప్లేస్కూళ్లకు ఇంతకన్నా చవకైన పుస్తకాల బీరువా దొరకదు. అయితే ‘ఈ వారం ఏం చేయించాలి?’ అన్న ప్రశ్నకు ఇక్కడ రెడీమేడ్ జవాబు ఆశించకూడదు. పుస్తకం ఎంచుకోవడం దగ్గర్నుంచి కత్తెర, జిగురు సర్దుకోవడం దాకా టీచరు పనే.

మొదట బోల్తా పడేది లెవెల్ దగ్గర, అంటే సైటు ప్రతి పుస్తకానికీ ఇచ్చే చదివే స్థాయి దగ్గర. ఒకటో లెవెల్ అంటే 250 మాటల లోపు, రెండో లెవెల్ అంటే 600 దాకా. ‘మావాళ్లు చిన్నపిల్లలు కదా’ అని ఒకటో లెవెల్ మాత్రమే వెతుకుతారు. కానీ ఈ అంకెలు సొంతంగా చదువుకునే పిల్లల కోసం పెట్టినవి. నాలుగేళ్ల వాళ్లు చదవరు, వింటారు. వినడానికి రెండో లెవెల్ కథ హాయిగా సరిపోతుంది. ఒకటో లెవెల్లో కొన్ని మరీ పలచన: పేజీకి మూడు మాటలు, కథ ముడిపడకముందే అయిపోతుంది. కాబట్టి లెవెల్ పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందా? ప్రతి పేజీలో పిల్లలు చేసి చూపించగల పని ఏదైనా ఉందా? రాత మూసేసి బొమ్మలు మాత్రమే చూస్తే కథ అర్థమవుతోందా? మూడింటికీ అవునని వస్తే ఆ పుస్తకం వారమంతా నిలుస్తుంది.

తెలుగు అనువాదాల నాణ్యత ఒక్కలా ఉండదు. ఎవరైనా అనువదించగల వేదిక కాబట్టి చక్కటి వాడుక భాష పక్కనే ‘వెళ్ళుచుండెను’ బాపతు కూడా తగులుతుంది. గదిలోకి తీసుకెళ్లే ముందు ఒక్కసారి గట్టిగా పైకి చదవండి. నాలుక తడబడిన చోటల్లా మాట మార్చండి. గోంగూర అని ఉంటే తెలంగాణ గదిలో పుంటికూర అనండి, ఉల్లిపాయను ఉల్లిగడ్డ చేయండి. ఇక్కడి పుస్తకాల్లో ఎక్కువ భాగం సీసీ బై 4.0 అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. అంటే రచయిత, బొమ్మలు వేసినవారి పేర్లు చెప్పి, మార్చామన్న సంగతి కూడా రాస్తే మార్చుకోవచ్చు, జిరాక్సులు తీసి పంచుకోవచ్చు. ఏ పుస్తకానికి ఏ లైసెన్సో చివరి పేజీల్లో రాసి ఉంటుంది.

ఆ చివరి పేజీల వల్లే ప్రింటు ఖర్చు పెరుగుతుంది. పీడీఎఫ్ మొత్తం ప్రింటు కొట్టమంటే బొమ్మల హక్కుల వివరాలు కూడా రంగుల్లో వచ్చేస్తాయి. షాపులో కథ పేజీల నంబర్లు చెప్పి అవి మాత్రమే రంగుల్లో తీయించండి. పేర్లు, లైసెన్సు వివరాలు వెనక అట్ట మీద పెన్నుతో రాస్తే చాలు. నలుపు తెలుపు ప్రింటు గురించి ఒక హెచ్చరిక: రాత్రి, అడవి, వాన బొమ్మలు నల్లటి ముద్దలుగా వస్తాయి. వాటిని చూపించి ‘ఇందులో ఎవరున్నారు?’ అని అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తారు. నిగనిగలాడే లామినేషన్ కూడా వద్దు. కిటికీకి ఎదురుగా కూర్చున్న పిల్లలకు బొమ్మ కాదు, వెలుతురు కనిపిస్తుంది. పేజీలు అట్టలకు అంటించి, పైన రెండు రంధ్రాలు పొడిచి రింగులు వేస్తే ఏడాది మన్నుతుంది. ఫోన్లో చూపించడం నలుగురైదుగురికి సరే; ఇరవై మందికి చూపిస్తే కథ మొత్తం ‘నాకు కనిపించట్లేదు టీచర్’ అన్న పాటే.

ఒక పుస్తకంతో వారం ఎలా నడుస్తుందో చూద్దాం. రోహిణి నీలేకని రాసిన శృంగేరి శ్రీనివాస్ కథ ఈ సైటులో బాగా తిరిగినది. శ్రీనివాస్‌కు ఏడాదికోసారి జుట్టు కత్తిరించుకునే రోజు వస్తుంది, ఎవరి దగ్గరికి వెళ్లినా తీరిక లేదంటారు. మళ్లీ మళ్లీ వచ్చే మాట అదే. టీచరు అడిగే వంతు, పిల్లలంతా కలిసి ‘తీరిక లేదు’ అనే వంతు. మొదటి రోజు ఇదొక్కటే, పది పన్నెండు నిమిషాలు. అంతకుమించి లాగితే వెనక వరుస లేచిపోతుంది.

రెండో రోజు కత్తెర పని. ఇది చెడిపోయేది కాగితం దగ్గరే. న్యూస్‌పేపర్ ఇస్తే మెత్తగా వంగి రెండు అంచుల మధ్య ఇరుక్కుంటుంది, తెగదు. పిల్ల విసుగు పడుతుంది, మనం చేతిలోంచి లాక్కుని కత్తిరించేస్తాం. పాత శుభలేఖల అట్ట వాడండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు పట్టీలు ముందే కోసి పెట్టుకుంటే ఒక్క నొక్కుకు ఒక ముక్క టక్కున రాలుతుంది. ఆ శబ్దమే పిల్లల్ని కూర్చోబెడుతుంది. మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు ఇద్దరికి ఒకటి చాలు, ఒకరు పట్టీ పట్టుకుంటే ఇంకొకరు కత్తిరిస్తారు. బొటనవేలు పైకి ఉండాలి. చెయ్యి బోర్లా తిరిగితే మోచేయి పక్కవాళ్లకు తగులుతుంది. ఎడమచేతి పిల్లలకు మామూలు కత్తెర సరిగ్గా తెగదు, అది వాళ్ల తప్పు కాదు. మూడేళ్ల వాళ్లకు కత్తెర వద్దు, చింపడం చాలు.

అన్నిటికన్నా బాగా పండేది గడ్డి జుట్టు. ఖాళీ పెరుగు కప్పు అడుగున మేకుతో మూడు రంధ్రాలు పెట్టి, బయట శ్రీనివాస్ ముఖం గీయండి. ముక్కాలు వంతు మట్టి నింపి, రాత్రంతా నానబెట్టిన గోధుమలు రెండు చెంచాలు ఒత్తుగా పరిచి, పైన పలచగా మట్టి చల్లండి. నీళ్లు స్ప్రే సీసాతో రోజుకు రెండుసార్లు. గ్లాసుతో పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, మిగిలిన నీటికి తెల్ల బూజు పడుతుంది. వారం దాటేసరికి కత్తిరించడానికి సరిపడా జుట్టు వస్తుంది. కాబట్టి కథ సోమవారం మొదలుపెట్టాలంటే కప్పులు అంతకుముందు సోమవారమే సిద్ధం కావాలి. చాలామంది కథ చెప్పిన రోజు విత్తుతారు, జుట్టు మొలిచేసరికి గదిలో ఇంకో పుస్తకం నడుస్తుంటుంది.

ఆవాలు తొందరగా మొలుస్తాయి కదా అని వాటి జోలికి వెళ్లొద్దు. ఆవ మొలకకు ఎదిగే మొగ్గ పైన, ఆకుల మధ్య ఉంటుంది. కత్తెర పడితే మొక్క అక్కడితో సరి. గోధుమకు అది కిందే, మట్టి దగ్గర ఉంటుంది, కాబట్టి కత్తిరించినా మళ్లీ పెరుగుతుంది. శ్రీనివాస్‌కు రెండో కటింగ్ కూడా దక్కుతుంది! ఇవాళ ఎంత పొడుగుందో ఐస్‌క్రీం పుల్ల మీద గీత పెట్టించండి. అదే లెక్కల పాఠం.

కటింగ్ షాపు ఆట ఆడించేటప్పుడు నిజమైన దువ్వెన తలల మీద తిప్పకండి, పేలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఊలు జుట్టు అంటించిన బొమ్మ చాలు. కథలోని బొమ్మలతో వరస చెప్పించే కార్డులు మూడేళ్ల వాళ్లకు మూడు, నాలుగేళ్లు దాటితే నాలుగు. గదిలో దండెం కట్టి బట్టల క్లిప్పులతో తగిలించమంటే వేళ్లకూ పని. పక్కపక్క పేజీల్లో ఒకేలా కనిపించే బొమ్మలు మాత్రం ఏరకండి, ముందేదో వెనకేదో పెద్దవాళ్లకే తెలియదు.

సైటులో ఎక్కువమంది తొంగిచూడని సౌకర్యం ఒకటుంది: కథను వేరే లెవెల్‌కు తిరగరాసుకోవడం. బొమ్మలు అవే ఉంచి రెండో లెవెల్ కథను పేజీకి ఒక్క వాక్యానికి కుదించుకోవచ్చు. ప్రీస్కూలుకు ఈ ఒక్క పని కోసమైనా లాగిన్ పెట్టుకోవాలి. ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఫాంటు. డీటీపీ పనికి వాడే అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలులోంచి కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, అది ఫోన్లు, వెబ్‌సైట్లు చదివే యూనికోడ్ పద్ధతిలో ఉండదు కాబట్టి. ఫోన్ కీబోర్డులో టైపు చేసినది సరిగ్గా కూర్చుంటుంది. పూర్తయ్యాక పీడీఎఫ్ తెరిచి వత్తులు అక్షరాల కిందే ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే ప్రింటుకు ఇవ్వండి.