బండి నుంచి దింపాకే ఛార్జింగ్: ఆటోనగర్‌లోని ఒక బ్యాటరీ దుకాణం

విజయవాడ పటమటలో మా ఇంటి ముందు నెలన్నర పాటు కదలకుండా నిలిచిన కారు, రోహిణీ కార్తె ఎండల్లో ఒక ఉదయం సెల్ఫ్ అందుకోలేదు. తాళం వేసి ఉంచినా గడియారానికీ, అలారానికీ, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూకూ కొద్దిపాటి కరెంటు పోతూనే ఉంటుంది. అది 40 మిల్లీయాంపులే అనుకున్నా రోజుకు దాదాపు ఒక యాంపియర్ అవర్ అవుతుంది కనుక, 45 యాంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ ఆ వ్యవధిలో ఖాళీ కావడం సహజమే. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపవలసిన మల్టీమీటర్ 11.6 దగ్గర ఆగింది.

రెండేళ్ల క్రితం ఇలాగే జరిగినప్పుడు, వేరొక చోట బ్యాటరీని దింపకుండానే, తొందరగా పని అయిపోతుందంటూ పెద్ద ఛార్జర్ తగిలించారు. ఆ సాయంత్రం వెలిగిన ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) హెచ్చరిక దీపం, దాని మాడ్యూల్ మార్చేదాకా ఆరలేదు. అందుకే ఈసారి ఆటోనగర్‌లో పాత బ్యాటరీలను బాగుచేసే ఒక చిన్న దుకాణానికి కబురు పెట్టాను. ఇంటికి వచ్చిన మేస్త్రి బానెట్ ఎత్తగానే "ముందు దింపుదామండీ, ఛార్జింగ్ సంగతి తర్వాత" అన్నారు. నాకు నమ్మకం కలిగింది అక్కడే.

ఆయన 10 నంబరు స్పానర్‌తో మొదట మైనస్ తీగనే విప్పారు. బండి బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది కనుక, ముందుగా ప్లస్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బిగించేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది: ప్లస్ ముందు, మైనస్ చివర.

దుకాణంలో ఆరు మూతలూ తీసి, ఒక్కొక్క సెల్‌లో ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ ముంచి, అంకెలను సుద్దతో బ్యాటరీ మీదే రాశారు. నిండిన సెల్ 1.265 దగ్గర ఉండాలి. మాది ఐదింటిలో 1.150, ఆరోదానిలో 1.120 చూపింది. ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మొదట 4 యాంపులతో, అంటే సామర్థ్యంలో పదో వంతుకు మించకుండా, రాత్రంతా ఛార్జింగ్ పెట్టారు. ప్లేట్ల మీద పేరుకున్న సల్ఫేటును కరిగించే రీకండిషనింగ్ ఆ తర్వాతే మొదలైంది. ఆ దశలో వోల్టేజీ 15.5 దాటి 16 దాకా పోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఇచ్చే 14 చిల్లర వోల్టులకు అలవాటుపడిన ఈసీయూకు అది తగిలితే ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. మామూలు ఛార్జింగ్‌ను కొన్ని కార్లలో బ్యాటరీ దింపకుండానే చేయవచ్చు గానీ, ఈ పని మాత్రం ఎప్పుడూ బయటే జరగాలి. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ పోవడానికి బ్యాటరీని వరండాలో ఉంచారు, బీడీ వెలిగించబోయిన ఒకాయనను దూరంగా పంపించారు.

మూడో రోజు బిగించే ముందు టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగారు. కనెక్షన్ తీసినందువల్ల అద్దాలు ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేస్తే, స్విచ్చిని కొన్ని క్షణాలు పైకి పట్టి ఉంచి దాన్ని కూడా సరిచేశారు. డాష్‌బోర్డు మీద ఏ హెచ్చరిక దీపమూ వెలగలేదు. మొత్తం తీసుకున్నది ఆరు వందల రూపాయలు.

లోపాలు లేకపోలేదు. పని జరిగే రెండు రోజులూ వాడుకోవడానికి మరో బ్యాటరీ ఇవ్వరు. రసీదు అడిగితే తప్ప రాయరు. స్టార్ట్ స్టాప్ కార్లలో (బండి ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగేవి) ఉండే ఏజీఎం బ్యాటరీలను, అంటే ఆమ్లాన్ని గాజునార పొరలు పీల్చుకుని ఉండేవాటిని, వారు ముట్టుకోరు. వాటికి అంత వోల్టేజీ పనికిరాదు కనుక అది లోపం కన్నా నిజాయితీ అనే నేను భావిస్తాను. ఆరో సెల్ విషయమూ దాచలేదు. మిగిలినవి 1.250కి చేరినా అది 1.220 దగ్గరే నిలిచిందని చూపించి, వచ్చే వేసవి దాటడం కష్టమని చెప్పారు. మూడు నెలల తర్వాత నిన్న ఉదయం చూస్తే బ్యాటరీ 12.5 చూపుతోంది, కొత్తదాని కోసం మాత్రం ఇప్పటినుంచే డబ్బు పక్కన పెడుతున్నాను.