రెండేళ్లు ఊఫర్ బాక్స్ మీద, నాలుగేళ్లు సీటు కింద: నా ఆంప్ అనుభవం

నా చిన్న కారులో ఒకటే నాలుగు ఛానళ్ల ఆంప్ (పాట శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే ఆంప్లిఫయర్) ఆరేళ్లుగా వాడుతున్నాను. మొదట్లో దాన్ని డిక్కీలో 12 అంగుళాల ఊఫర్ (బాస్ పలికించే పెద్ద స్పీకర్) బాక్స్‌కే స్క్రూలతో బిగించారు. "అందరికీ ఇక్కడే పెడతాం సార్" అన్నారు షాపులో. వైరు కలిసొస్తుంది కదా అని నేనూ సరేనన్నాను.

ఏడాదిన్నర దాటాక, గుంతలో పడ్డప్పుడల్లా ఎడమవైపు స్పీకర్లు మూగబోయేవి. ఆంప్ మీద అరచేత్తో తడితే మళ్లీ పలికేవి. స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లి విప్పించాను. మెకానిక్ భూతద్దం చేతికిచ్చి చూడమన్నాడు: ఆర్‌సీఏ సాకెట్ కాలి చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు, గుండ్రంగా. పక్కనే పొడుగాటి కెపాసిటర్ ఒకటి వేలు తగిలితే ఊగుతోంది. బరువంతా పైన, కాళ్లేమో సన్నవి. బాస్ కొట్టిన ప్రతిసారీ అది ఊగుతుంటే టంకం ఎన్నాళ్లని ఆగుతుంది! రోడ్డు కుదుపుల కంటే బాక్స్ అదురే దాన్ని ఎక్కువ దెబ్బతీసిందని నా గట్టి నమ్మకం.

టంకం వేయించి తెచ్చాక, బిగించే ముందు రూపాయి బిళ్లతో చూశాను. బాస్ పెంచితే బాక్స్ మీది బిళ్ల టకటకలాడుతూ అంచుదాకా నడిచి పడిపోయింది. వెనక సీటు వీపు రేకుకి చెయ్యి ఆనిస్తే అక్కడా జలదరింపే. ముందు ఎడమ సీటు కింద, నేల మీద పెట్టిన బిళ్ల మాత్రం కదల్లేదు.

అక్కడే 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క, దాని కింద రబ్బరు బుష్‌లు వేసి ఆంప్ కూర్చోబెట్టాం. కారుని లిఫ్ట్ ఎక్కించి, కింద బ్రేకు, పెట్రోలు పైపులు లేనిచోటే రంధ్రాలు వేయించి సీలెంట్ పూయించాను. వెనక సీటు కింద మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి, చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు ఉండేది అక్కడే. ముందు సీటు కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ఎర్త్ వైరు అడుగున్నర లోపే, పెయింటు గీకిన రేకుకి.

ఇబ్బందులు లేకపోలేదు. మే నెలలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, అందుకే పైన రెండు వేళ్ల సందు వదిలాను. ఓసారి ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి కార్పెట్ తడిసింది. ప్లైవుడ్ ఎత్తు వల్ల ఆంప్‌కి నీళ్లు తగల్లేదు. నాలుగేళ్లలో ఒక్క ఛానల్ కూడా ఆగలేదు. ఏడాదికోసారి సీటు జరిపి స్క్రూలు చూస్తాను. మొన్న చూస్తే నాలుగింట్లో ఒక్కటి, అదీ పావు చుట్టు వదులైంది.